చావుపుట్టుకల లెక్క

తమ కుటుంబమునకు వంశవృక్షము వ్రాసిపెట్టుమని నాయొద్దకు వచ్చువారిలో పెక్కుమంది మొదట కోరునది, తమ పూర్వులు ఏ రెడ్డిరాజుల కాలముననో, ఏ జమీందారుగారి కొలువులోనో దండనాయకులై యుండిరని తేల్చి చెప్పుమని. కృష్ణకు పడమటి ఒడ్డున, తెనాలి, రేపల్లె ప్రాంతముల పల్లెలలో, కాలువక్రింద నాలుగెకరములో ఐదెకరములో దున్నుకొని బ్రదికిన సామాన్యుల జనన మరణములను ఏరి, పోగుచేసి, మూడు నాలుగు తరముల కథగా కూర్చుట ఉద్యోగవిరమణానంతరము నాకబ్బిన వ్యసనము. ఇన్నాళ్ళ వెదకులాటలో దండనాయకుడొక్కడును తగులలేదు. తగిలినది జ్వరము.

మద్రాసు రాజధానిలో 1899 నాటి జనన మరణముల చట్టము వచ్చిన పిమ్మట, పల్లెలలో ఆ రిజిస్టరు వ్రాయు భారము క్రమక్రమముగా గ్రామ మునసబు మీద పడెను. ఫలానావారింట చావు, ఫలానావారింట పురుడు అని తలారి వచ్చి చెప్పగా, మునసబు తన తీరికవేళ కూర్చుండి గళ్ళు నింపును. మృతికి కారణము వ్రాయవలసిన గడి యొకటి కలదు. వైద్యుడన్నవాడు ఆమడ దూరములో లేని యూళ్ళలో ఆ గడిని నింపుటెట్లు? కలరాయైనచో వాంతులను, విరేచనములను బట్టి గుర్తింపవచ్చును. మశూచి ముఖముమీదనే కనబడును. పాముకాటునకు సాక్ష్యము కాలిమీద నుండును. మిగిలినవన్నియు, క్షయ కానిండు, సన్నిపాతము కానిండు, బాలింతరోగము కానిండు, వట్టి ముసలితనము కానిండు, జ్వరమే. పుటకు పుట జ్వరమని వ్రాసియున్న ఆ పుస్తకమును చూచి నవ్వువారిని నేనెరుగుదును. నాకు మాత్రము నవ్వు రాదు. ఆకలిచే పోయినవారిని కూడ ఆ గడిలోనే దాచిపెట్టియుందురని నా యనుమానము, ఏలయన ఆకలి యని వ్రాసినచో పైనుండి సంజాయిషీ అడుగుదురు, జ్వరమని వ్రాసినచో ఎవ్వరును అడుగరు. వయస్సుల సంగతియు నిట్టిదే. ముప్పది, నలువది, అరువది: మనుష్యులందరును పదుల లెక్కననే మరణించినట్లుండును గాని, ముప్పదియేడవ యేట పోయినవాడు ఆ పుస్తకములలో కనబడుట అరుదు.

పుట్టినదినము కాగితముమీద లేనివారి వయస్సు కట్టుటకు పల్లెలలో వేరొక కాలగణన మున్నది. గుంటూరు జిల్లాలోని అయిదులక్షల జనములో లక్షన్నర మొదలు రెండులక్షల వరకు పొట్టబెట్టుకొన్నదని చెప్పబడు 1832-33 నాటి కరువు నందన కరువు. బందరును ముంచి సుమారు ముప్పదివేలమందిని బలిగొన్న 1864 నవంబరు నాటి ఉప్పెన రక్తాక్షిలో వచ్చినది. రాయలసీమను మాడ్చిన 1876 నాటి క్షామము ధాత కరువు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఊరూర తిరిగిన యేడు కాళయుక్తి. దివిసీమను ఊడ్చి మా యొడ్డును కూడ కొట్టిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పింగళలోనిది. అయితే, "మా తాత రక్తాక్షినాటికి ఉయ్యాల్లో బిడ్డంట" అని ఎవరైన చెప్పినంతనే 1864 అని వ్రాసికొనుట తగదు. ఈ పేరులు అరువదియేండ్లకొకమారు తిరిగివచ్చునవి. 1924 కూడ రక్తాక్షియే. రెండు రక్తాక్షుల నడుమ రేపల్లెకు రైలు వచ్చినది గనుక, అప్పటికి రైలున్నదా అని అడుగవలెను. ఈ యొక్క ప్రశ్నతో అరువదియేండ్లు అటో ఇటో తేలిపోవును.

పేరులు చెప్పునది ఇంకను ఎక్కువ. పెంటయ్య, కుప్పమ్మ, పుల్లయ్య, తవుడమ్మ: పట్నవాసులకు ఇవి మోటపేరులు. వరుసగా బిడ్డలు పోవుచుండగా, పిదప పుట్టినదానినైన మృత్యువు కంటబడకుండ దాచవలెనని పెంటకుప్పమీద పడవేసి తిరిగి తెచ్చుకొనుటయో, పొరుగింటి యిల్లాలిచేతిలో పెట్టి చేటెడు తవుడిచ్చి కొనుక్కొనుటయో చేసి, ఆ పేరే స్థిరపరచెడివారు. కావున పట్టికలో ఒక తవుడమ్మ కనబడినయెడల ఆమెకు ముందు కొన్ని గళ్ళు ఖాళీ వదలవలెను. ఈ సూత్రము నన్నెన్నడును వంచింపలేదు.

ఎనుబది దాటిన యొక రైతు యిల్లాలు, నాకు దూరపు వరుసలో పిన్నమ్మ, వాకిట చేట ముందిడుకొని మినుములలో రాళ్ళేరుచు నా ప్రశ్నలకు బదులు చెప్పుచుండెను.

"పిల్లలెంతమంది పిన్నమ్మా?"

"నలుగురు. ఇద్దరు మగాళ్ళు, ఇద్దరాడాళ్ళు."

"పెద్దమ్మాయికి తవుడమ్మని పెట్టావేం?"

"ముందు ముగ్గురు దక్కలేదుగా అబ్బాయ్."

"మరి నలుగురన్నావు?"

"దక్కనోళ్ళని లెక్కలో చెప్పుకుంటారా ఎక్కడన్నా?" అని, రవ్వంతసేపు చేట చెరిగి, "ఒకడు మాత్రం నాలుగు నెలలున్నాడు. సుబ్బారాయుడని పేరు కూడా పెట్టుకున్నాం. ఆ పేరే తర్వాతోడికి పెట్టాం" అనెను.

ఇట్టి సందర్భములలోనే వంశచరిత్రకారుడు చిక్కుపడును. జనన రిజిస్టరులో పేరులేక మగశిశువని యుండును. మరణ రిజిస్టరులో సుబ్బారాయుడు నాలుగు నెలలకు పోయినాడని యుండును. ఆ సుబ్బారాయుడే పాతికయేండ్ల పిమ్మట పెండ్లిపీటలమీద కూర్చుండును. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారమును, మేనరికములును దీనికి తోడైనచో, రెండే యింటిపేరులు, నాలుగే మనుష్యనామములు నూరేండ్లపాటు ఒండొంటిని చుట్టుకొనును. వంశవృక్షమని పేరేగాని, అది తీగలు పెనవేసికొన్న పొట్లపాదు.

మనుష్యుల విషయమున ఇంత ముక్తసరిగా నడచుకొన్న ప్రభుత్వము భూమి విషయమున వహించిన శ్రద్ధ చూడవలెను. సర్వే నంబరు, దానికి సబ్‌డివిజను, సెంట్లతో సహా విస్తీర్ణము, నేల తరము, శిస్తు, నీటివనరు, ఆ యేటి పైరు: అన్నియు అడంగలులో ఏటేట తిరుగవ్రాయబడును. రైతు ఆ పుస్తకమున పట్టాదారుడుగా ప్రవేశించి, తన పేరు కొట్టివేసి కొడుకు పేరు వ్రాయుటతో నిష్క్రమించును. ఆ కొట్టివేతయైనను సకాలమున జరుగదు. తాత దహనమై రెండు తరములు గడచినను ఆయన పేరనే శిస్తు రసీదు పుచ్చుకొన్న కుటుంబములు నేటికిని కలవు. చచ్చినవాడు కాగితముమీద బ్రదికియుండగా, అదే యింటిలో దున్ని, నాటి, కోసి, కుప్పవేసిన ఆడదానికి ఆ కాగితముమీద పుట్టుకయే లేదు. అందుచేతనే, భూమి లెక్కలనుండి మనుష్యుల చరిత్ర వ్రాయబూనువాడు సగము ఊరిని మాత్రమే వ్రాయునని నా దృఢాభిప్రాయము.

భూమికి సంబంధించిన కాగితములలో నాకు ప్రియమైనవి విక్రయ దస్తావేజులు. ఫలానా గ్రామ కాపురస్థుడు, జీవనము వ్యవసాయము అని మొదలిడి, ఎందుకు అమ్ముచున్నాడో చెప్పు ఆనవాయితీ వానిలో నున్నది. నాయొద్ద నొక నకలు కలదు. ఒక తండ్రి తన కుమారుని వైద్యపు ఖర్చుల నిమిత్తము అరువది సెంట్ల మాగాణి అమ్మెను; క్రింద అతని వ్రేలిముద్ర, ప్రక్కన దస్తూరి వ్రాసినవాని చక్కని సంతకము. మూడు నెలల తరువాత మరణ రిజిస్టరులో అదే యింటిపేరు: ఇరువదేండ్ల మగవాడు, జ్వరము. మరుసటి వేసవిలో అదే సర్వే నంబరులోని మిగిలిన చెక్క కూడ కూతురి వివాహపు ఖర్చుల నిమిత్తమని అదే కొనుగోలుదారుని పరమయ్యెను. ఆ తరువాతి అడంగళ్ళలో ఆ తండ్రి పేరు లేదు. ఆయన బ్రదికియే యున్నాడు. భూమి లేదు గనుక పుస్తకమున లేడు.

పుస్తకమున మొదటినుండియు లేనివారు పాలేర్లు. మరణ రిజిస్టరులో తండ్రిపేరు వ్రాయవలసినచోట ఫలానావారి పాలేరని యజమాని యింటిపేరు తగిలించిన పంక్తులు నేను చూచితిని. మెకంజీ దొర వ్రాయించిన కైఫీయతులలో రాజుల దానములు, గుళ్ళు, కరణముల మిరాశీ తగవులు కావలసినన్ని కలవు గాని, నాగలి పట్టినవాడే పేరుతో కనబడుట దుర్లభము, పాలేరు మాట చెప్పనేల? పంటలు కళ్ళములకు వచ్చునప్పటికి వచ్చి రైతుల గోత్రములు, ఇంటిపేరులు ఏకరువు పెట్టి గింజలు పుచ్చుకొని పోవు పిచ్చుకగుంట్లవారు (నేడు వంశరాజులని గౌరవముగా పిలువబడుచున్నారు) నావంటివారికి గురుతుల్యులు. వారి నోట పలుకునవి కూడ మగపేరులే. మాదిగలకు డక్కలివారు కలరు. ఈ రెండు వర్గములవారి నోటిచరిత్రలను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి వ్రాసికొన్న పండితుడు మన జిల్లాలో ఉండియుండిన నా పని సగము తగ్గియుండెడిది.

వంశపారంపర్యపు కరణీకములు, మునసబీలు 1984లో రద్దయినప్పుడు చేతులు మారిన పుస్తకములలో కొన్ని అటకలమీద చెదలకు ఆహారమయ్యెను. ఇప్పుడు లెక్కలు యంత్రములలో నున్నవి. 1969 నాటి కేంద్రచట్టము ననుసరించి చావైనను పుట్టుకయైనను ఇరువదియొక్క దినములలో తెలుపవలెను. గళ్ళు చక్కబడినవి, చూపు మారలేదు. 1987లో తెల్లదోమ ప్రత్తిని తినివేసినప్పుడు మా జిల్లాలోను, ప్రకాశములోను రైతులు పురుగుమందు త్రాగిరి. పదియేండ్లకు ఓరుగల్లువైపు అదే కథ నడచెను. వారిలో కౌలురైతులు పెక్కురు. అట్టివాని భార్య పరిహారమునకై కచేరీకి పోయినప్పుడు మొదట అడుగునది పాసుపుస్తకము. తెలంగాణములో 2018 ఆగస్టు 15 నుండి అయిదులక్షల రూపాయల రైతుబీమా నడచుచున్నది, మంచిదే, అది పట్టాదారునకే. కౌలుదారు రైతుగా బ్రదికి, రైతుగా చచ్చి, కాగితముపై రైతు కాకపోవుట నేటికిని జరుగుచున్నది.

ఆడవారి పేరులు రాబట్టుటకు నాకొక యుపాయ మున్నది. సంక్రాంతినాడు పెద్దలకు బట్టలు పెట్టువేళ ఇంటి యిల్లాండ్ర సమీపమున కూర్చుందును. మగవాడు తండ్రిని, తాతను తలచి యూరకుండును. ఆమె అత్తగారిని, అత్తగారి అత్తగారిని, కాన్పులో పోయిన ఆడపడుచును, ఏనాడో నూతబడిన తోడికోడలిని కూడ పేరు పెట్టి తలచును. ఆ పూట వినబడిన పేరులు ఏ కచేరిలోను దొరకవు.

నా పట్టికలలో పేరులేని శిశువులకు సున్న చుట్టి ప్రక్కన సంవత్సరము వేయుదును. తరతరములుగా ఇంటనున్న పాలేర్లకు క్రింద వేరొక వరుస గీయుదును. అమెరికానుండి వచ్చిన యొకాయన, తండ్రిగారి సహస్రచంద్ర దర్శనమునకు అచ్చువేయింపనెంచి నా ప్రతిని చూచి, "ఈ సున్నాలెందుకు మాస్టారూ, శుభకార్యానికి బాగోదు, తీసేయండి" అనెను. "తీసేస్తాను గాని, అప్పుడు మీ నాయనమ్మ తవుడమ్మగారికి ఆ పేరెందుకొచ్చిందో మీ పిల్లలు అడిగితే ఏం చెబుతారు?" అంటిని. ఆయనకు ఆ పేరు వెనుకటి కథ తెలియదు, చెప్పితిని. ఇంటికి పోయి తండ్రిగారితో సంప్రదించి మరునాడు వచ్చినాడు. సున్నలుండవచ్చునని పెద్దాయన సెలవిచ్చినారట, అంతేకాక తాను విన్న మరి రెండు కలుపుమన్నారట. పాలేర్ల వరుస విషయమున మాత్రము బేరము తెగలేదు. రెండు దినములు వాదించుకొన్న మీదట, చిన్న అక్షరములతో చివరి పుటలో వేయుటకు ఆయనయు, ఇంటిపేరులతో సహా వేయవలెనని నేనును ఒడంబడితిమి.