కుంచం పట్టిన చేతులు

1946 జూలై 4న దేవరుప్పుల మండలం కడవెండిలో దొర పెత్తనానికి ఎదురు తిరిగిన సంగం మనిషి దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. ఆ ఊరి మీదా చుట్టుపక్కల ఊళ్ల మీదా అప్పుడు విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం నడిచేది. కడవెండి గడీలో ఆయన తల్లి జానమ్మ ఉండేది. వెట్టి, లెవీ ధాన్యం, నాగుల మీద తెచ్చిన గింజల అప్పు, ఇలా ఏది పట్టుకున్నా గొడవ చివరికి కల్లం దగ్గరికే వచ్చేది. రాశి పోసింది రైతు, కొలిచేది మాత్రం గడీ మనిషి. తీసుకుపోయేటప్పుడే కాదు, కరువు నాడు నాలుగు గింజలు పెట్టించినప్పుడు కూడా ఎవరికి ఎంత అన్నది గడీయే చెప్పేది. ఇచ్చే చెయ్యి పైన, పట్టే దోసిలి కింద. ఆ ఎత్తుపల్లాలను సంగం పెట్టుకున్న జనం నిలదీశారు.

గడీలు పోయాయి. ఇప్పుడు ఇచ్చేవాళ్లు వేరు: కంపెనీలు, ట్రస్టులు, అమెరికాలో స్థిరపడ్డ మన ఊరి పిల్లలు, సర్కారు. వాళ్లలో చాలామందిది మంచి మనసే. కానీ ఎవరికి, ఎంత, ఏ లెక్కన అన్నది ఇప్పటికీ ఇచ్చేవాళ్లే తేలుస్తున్నారు. ఆ లెక్కను పుచ్చుకునేవాళ్ల చేతికి అప్పగించి, అది అన్యాయం కాకుండా నడిపించడం గొప్ప పనితనం కావాల్సిన పని. తెలంగాణలో ఆ పనితనం నాకు అన్నిటికంటే బాగా కనిపించేది జహీరాబాద్ ప్రాంతంలో. మన దేవరుప్పులకూ హైదరాబాదుకూ ఎంత దూరమో, పట్నం దాటి పడమటికి దాదాపు అంతే దూరం.

అక్కడ 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీశ్. మైసూరులో పుట్టి, దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసి, ఆఖరుకు అక్కడి పస్తాపూర్ ఊరి మనిషైపోయాడు. 2023 మార్చిలో కన్నుమూశాడు. అయితే నేను చెప్పదలచుకున్నది ఆయన కథ కాదు. ఆ ఊళ్లలో దళిత ఆడవాళ్లు పెట్టుకున్న సంగాలు, ఆ సంగాలు 1990ల నడుమ తయారు చేసిన ఒక ఏర్పాటు, దాని కట్టుబడి గురించి. దాన్ని ఊరి ధాన్య నిధి అనుకుందాం.

ముందు అక్కడి నేల సంగతి. ఎర్ర చెలకలు, వాననే నమ్ముకున్న సాగు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు కలిపి వేసే పొలాలు. 1983లోనే కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీర్చిన పథకమే, కాదనలేం. కానీ ఆ బియ్యం ఎక్కడో నీటి పారుదల కింద పండి వచ్చేది. చౌక దుకాణంలో బియ్యం దొరుకుతుంటే మెట్ట జొన్నకు గిరాకీ తగ్గింది, చిన్న రైతుకు దున్నే ఖర్చు కూడా గిట్టలేదు, పొలాలు పడావు పడ్డాయి. భూమి ఉండీ పంట లేని ఇళ్లు, కూలి కూడా దొరకని వానాకాలపు నెలలు. అట్లాంటి చోట బయటి నుంచి ఇంకో నాలుగు లారీల తిండి తెచ్చి పంచడం తేలిక. సంగం ఆడవాళ్లు ఆ దారి పట్టలేదు. తిండి ఇక్కడే పండాలి, ఇక్కడే నిలవ ఉండాలి, ఇక్కడే పంచాలి అన్నారు.

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బు ఇచ్చింది. 30కి పైగా ఊళ్లలో పని మొదలైంది. పడావు భూమి ఉన్న చిన్న రైతుకు నిధి నుంచి అప్పు వస్తుంది, ఒక్కసారిగా కాదు. దున్నేటప్పుడు కొంత, పెంట తోలేటప్పుడు కొంత, విత్తేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఇంకొంత. ప్రతి విడతకూ ముందు సంగం కమిటీ ఆడవాళ్లు పొలానికి వెళ్లి చూస్తారు. దున్నారా, పెంట పడిందా, జొన్న ఒక్కటేనా, మధ్యలో కంది సాలు కూడా ఉందా. వాళ్లు చూసి సరే అంటేనే తర్వాతి విడత. రైతు దాన్ని డబ్బుగా కాదు, జొన్నలుగా తీరుస్తాడు, అదీ ఏటా కొంచెం చొప్పున ఐదేళ్లలో. ఆ జొన్నలు ఊళ్లోనే వేపాకు, బూడిద కలిపి నిలవ చేస్తారు. వానాకాలంలో కూలి కరువైన నెలల్లో వాటిని పేద ఇళ్లకు బజారు ధర కంటే బాగా తక్కువకు అమ్ముతారు. ఆ సొమ్ము బ్యాంకులో పడుతుంది, మళ్లీ ఇంకొకరి పడావు చెలక దున్నడానికి అప్పుగా వెళుతుంది.

ఇందులో ఒక్క ముక్క కూడా దండగ లేదు. విడతల అప్పు వల్ల డబ్బు దారి తప్పదు. అప్పు గింజల్లో తీర్చడం వల్ల రైతు కల్లం మీదే తెగనమ్ముకునే అవస్థ తప్పుతుంది, ధర పడిపోయిన ఏడు కూడా అతని బాకీ పెరగదు. ఐదేళ్ల గడువు వల్ల ఒక కరువు ఏడు వచ్చినా తట్టుకుంటాడు. ఇంకొకటి నన్ను మరీ కట్టిపడేస్తుంది. అప్పు పుచ్చుకున్న రైతే జొన్న తీర్చినప్పుడు ఇంకో ఇంటికి ఇచ్చేవాడవుతాడు. ఇచ్చేవాళ్లు ఒక పక్క, పుచ్చుకునేవాళ్లు ఇంకో పక్క అని గీత గీయడానికి చోటు లేకుండా కట్టిన ఏర్పాటు ఇది. మొదటి ఏడాదిలోనే రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమి సాగులోకి వచ్చింది.

అయితే దీనికి ప్రాణం ఉన్నది పంపకంలో. ఎవరికి ఎంత జొన్న? ఏ పథకమైనా ఇక్కడే చెడుతుంది. ఊరివాళ్లు ఒక చోట కూర్చుంటారు. నేల మీద ముగ్గుతో, రంగుపొడులతో ఊరి పటం వేస్తారు. వాడలు, బావి, గుడి, ఆ తర్వాత ఒక్కో ఇల్లు. ప్రతి ఇంటి గుర్తు దగ్గరా ఆ ఇంటి బతుకు చర్చకు వస్తుంది. అక్షరం రానివాళ్లు కూడా ఆ పటాన్ని చదవగలరు, తప్పుంటే చేత్తో చెరిపి దిద్దగలరు. కాగితం మీద రాసి ఉంటే రాసిన మనిషిదే చివరి మాట అయ్యేది.

పేదరికం అంటే ఏమిటో కూడా వాళ్లే తేల్చుకున్నారు. భూమి ఎంత అని మాత్రమే అడగలేదు, ఆ భూమి ఎట్లాంటిదీ అడిగారు. ఎద్దులు ఉన్నాయా? ఇంట్లో రెక్కలాడించేవాళ్లు ఎందరు, కూర్చుని తినక తప్పనివాళ్లు ఎందరు? ఒంటరి ఆడమనిషి ఇల్లా? పిల్లవాణ్ని జీతానికి పెట్టారా? మంచాన పడ్డవాళ్లు ఉన్నారా? ఇవన్నీ చూసి ఇళ్లను మెట్లు మెట్లుగా నిలబెట్టారు. అన్నిటికంటే కింది మెట్టున ఉన్న ఇంటికి అందరికంటే ఎక్కువ జొన్న. పై మెట్టుకు పోయేకొద్దీ తక్కువ.

ఇదే కాలంలో, 1997లో, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లను గుర్తించడానికి దేశమంతా సర్వే జరిగింది. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఉంటే పేద కాదు. టీవీ ఉంటే కాదు. రెండు హెక్టార్ల కంటే ఎక్కువ భూమి ఉంటే కాదు. బావి కింది రెండు హెక్టార్లూ రాళ్ల చెలక రెండు హెక్టార్లూ ఆ ఫారానికి ఒక్కటే. ముగ్గు చుట్టూ కూర్చున్న ముసలమ్మకు ఆ తేడా చిన్నప్పటి నుంచీ తెలుసు.

దీని మీద గట్టి అనుమానమే ఒకటి ఉంది. నలుగురిలో కూర్చోబెట్టి ఎవరు పేద అని తేలిస్తే, నోరున్నవాడి మాటే చెల్లదా? నోరు లేనివాళ్లు సిగ్గుతో ముడుచుకుపోరా? చెల్లుతుంది, ముడుచుకుపోతారు కూడా, ఆ సభను ఒక్క రోజులో పెడితే. జహీరాబాద్ సంగాలు ఈ పనికి దిగేనాటికి వాటికి పదేళ్ల వయసుంది. వారం వారం రాత్రిళ్లు కూర్చుని పొదుపు లెక్క చూసుకున్నారు, కౌలుకు తీసుకున్న భూమిని ఉమ్మడిగా దున్నారు, పోట్లాడుకున్నారు, రాజీపడ్డారు. ఒకామె తన కష్టం చెప్పుకుంటే మిగతావాళ్లు ఎట్లా వినాలో నేర్చుకున్నారు. ఆ పదేళ్ల చదువు లేకుండా పటం ఒక్కటే ఎత్తుకుపోయి ఇంకో ఊళ్లో పరిస్తే పనిచేయదు. చాలా సంస్థలు పటాన్ని ఎత్తుకుపోయాయి, పదేళ్లను వదిలేశాయి.

విత్తనాల దగ్గర కూడా ఇదే పనితనం. సంగం విత్తన నిధి నుంచి ఒక కొలత విత్తనం తీసుకున్న ఆమె పంట వచ్చాక రెండు కొలతలు తెచ్చి పోస్తుంది. మన జనగామ వైపు పెద్దవాళ్లు ఈ మాట వింటే ఉలిక్కిపడతారు: ఇది నాగే కదా! గింజకు గింజ వడ్డీ. పైకి చూస్తే లెక్క అదే. కానీ నాగు గింజలు దొర గాదెలోకి పోయి అక్కడే ఉండిపోయేవి. ఇక్కడ పెరిగిన రెండో కొలత వచ్చే ఏడు విత్తనం లేని ఇంకొకామె కొంగులో పడుతుంది, తెచ్చి పోసినామెకు మళ్లీ అవసరమైతే ఆమెకే వస్తుంది. గాదె తాళం సంగం దగ్గరే ఉంటుంది. ఆ విత్తనాలను సంక్రాంతి నుంచి మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగించే పాత పంటల జాతర కూడా ఒక బడిలాంటిదే. ప్రతి ఊరి ఆడవాళ్లూ పక్క ఊళ్లో ఏ గింజ నిలిచిందో, ఏది పోయిందో అక్కడ తెలుసుకుంటారు.

ఆ సంగాల్లో కొందరు కెమెరా కూడా నేర్చుకున్నారు. సినిమా బడుల్లో చెప్పే పేర్లు వాళ్లకు అక్కర్లేకపోయాయి. పై నుంచి కిందికి చూసే షాట్‌ను పటేల్ షాట్ అన్నారు, పటేలు అరుగు మీద కూర్చుని కింద నిలబడ్డవాళ్లను చూసేది అట్లాగే కదా. కింది నుంచి పైకి చూసేది జీతగాడి చూపు. మనిషి కళ్లకు ఎదురుగా, అదే ఎత్తులో కెమెరా పెట్టి తీసేది సంగం షాట్. వాళ్ల సినిమాల్లో రైతులు మాట్లాడుతుంటే కెమెరా నేల మీద కూర్చున్న మనిషి ఎత్తుకే దిగి ఉంటుంది. 2008లో మాచనూరులో సంగం రేడియో మొదలయ్యాక గొంతు విషయంలోనూ అదే పద్ధతి. అది దళిత ఆడవాళ్లే నడిపే సామాజిక రేడియో. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ డెక్కన్ సొసైటీకి వచ్చింది.

లెక్కను ఊరి చేతికే ఇచ్చే ఇంకో సంస్థ, బాల వికాస, మనకు దగ్గరలో హన్మకొండలో ఉంది. సింగారెడ్డి బాల థెరిసా, ఆమె భర్త, కెనడా దేశస్థుడు ఆండ్రె జింగ్రాస్ 1991లో దాన్ని స్థాపించారు. శుద్ధి నీటి కేంద్రం కావాలన్న ఊరు ముందు తన వాటా తను వేసుకోవాలి, కమిటీ వేసుకోవాలి, క్యాన్‌కు ఎంత తీసుకోవాలో, మరమ్మతుకు ఎంత దాచాలో తేల్చుకోవాలి. దాత డబ్బు ఆ తర్వాతే. వాటా వేసుకోలేని ఇళ్ల సంగతి ఏమిటన్న ప్రశ్న నాకు ఉంది, ఆ ప్రశ్నకు జహీరాబాద్ ధాన్య నిధి ఇచ్చిన జవాబే నాకు ఎక్కువ నచ్చుతుంది. కానీ నీళ్ల ప్లాంటు చెడిపోతే దాత కోసం ఎదురుచూడకుండా ఊరే బాగు చేసుకోవడం చిన్న సంగతి కాదు. ఆ అనుభవాన్ని హన్మకొండ శిక్షణ కేంద్రంలో వేరే రాష్ట్రాల, వేరే దేశాల వాళ్లకు కూడా నేర్పుతున్నారు.

నేర్పడంలో మన పొదుపు సంఘాల ఆడవాళ్లకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడ్డాక, పేదరికం నుంచి బయటపడిన సభ్యులనే వేరే ఊళ్లకు పంపి సంఘాలు కట్టించే పద్ధతి వచ్చింది. నలుగురైదుగురు కలిసి ఒక ఊరికి వెళ్లి రెండు వారాలు అక్కడే ఉంటారు, వాడవాడా తిరిగి తమ కథే చెబుతారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక మన ఆడవాళ్లు బీహార్‌కూ ఉత్తరప్రదేశ్‌కూ కాశ్మీర్‌కూ కూడా వెళ్లారు. భాష రాకపోయినా పొదుపు పుస్తకం తెరిచి చూపించి పని నడిపారు.

ఇక మన దగ్గరి లెక్కలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. అదే సెక్షన్ కంపెనీ నడిచే చోటికి, దాని చుట్టుపక్కలకు ముందు చోటు ఇవ్వమంటుంది. ఫ్యాక్టరీ ఉన్న చోటికి డబ్బు, పెద్ద ఫ్యాక్టరీలు లేని దేవరుప్పుల లాంటి మండలాలకు మిగిలినదేదో. 2018లో వచ్చిన రైతుబంధు ఎకరానికి ఇంత అని కొలిచింది. ఎకరం రైతు కంటే పదెకరాల పట్టాదారుకు పదింతలు, కౌలు రైతుకు సున్న. జహీరాబాద్ ఆడవాళ్ల మెట్లకు ఇది నేరుగా తలకిందులు. సర్కారుకూ కంపెనీలకూ దురుద్దేశం ఉందని అనను. కొలిచేటప్పుడు కౌలు రైతు పక్కన లేడు, అంతే.

దాతల లోకంలోనూ ఈ మధ్య కదలిక ఉంది. 2010లో పుట్టిన ఫ్రిడా అనే యువ మహిళా నిధికి దరఖాస్తు పెట్టుకున్న బృందాలే ఒకరి దరఖాస్తు ఒకరు చదివి, ఎవరికి నిధులు పోవాలో ఓటు వేస్తాయి. దాన్ని కొత్త ఆలోచన అని ప్రపంచం మెచ్చుకుంటోంది. మెచ్చుకోవాల్సిందే. పడావు చెలకల మధ్య, చదువు లేని ఆడవాళ్లు అంతకు ఒకటిన్నర దశాబ్దం ముందే, గింజల దాకా దించి చేసి చూపించారు.

దేవరుప్పులలో ఆ ధాన్య నిధినే తెచ్చి పెట్టాలని నేననను. దేవాదుల నీళ్లు చెరువులకు వచ్చాక ఇక్కడ వరి నాట్లు పెరిగాయి, పడావు మునుపటంత లేదు. ఇప్పటి గోస వేరు: కౌలు డబ్బు ముందే కట్టాల్సిన రైతు, ఆసుపత్రి అప్పు, బోరు అప్పు. ఇక్కడి మహిళా సంఘాలు పొదుపులో పాతికేళ్లుగా పండిపోయినవే. దాతలెవరైనా ఇటు రావాలనుకుంటే ఫారం పట్టుకుని కాకుండా, మొదటి ఏడాది ఆ సంఘాల సమావేశాల్లో కూర్చుని వినడానికి రావాలి. పేద ఇల్లు ఏదో తేల్చే గుర్తులను కౌలు రైతుల ఆడవాళ్లే చెప్పాలి, అప్పు తీర్చే గడువు కోతల లెక్కన పెట్టాలి, గాదె తాళమో బ్యాంకు సంతకమో వాళ్ల దగ్గరే ఉండాలి. కడవెండి నుంచి ఒక సంఘం జహీరాబాద్ వెళ్లి ఆ ముసలమ్మల దగ్గర నాలుగు రోజులు ఉండి వస్తే, ఆ ఖర్చు పెట్టే దాతది ఈ మండలానికి మొదటి మంచి పని అవుతుంది.