కొత్త పొయ్యి, కొత్త నీళ్లు

కొత్త ఇంట్లో మొదట పొంగేవి పాలు. సొంతిల్లు కట్టుకున్నా, కిరాయికి దిగినా ఆ ఆనవాయితీ తప్పదు. గిన్నెకు పసుపు కుంకుమలు పెట్టి, పాలు అంచు దాటి పొయ్యి మీదికి జారేదాకా అందరూ నిలబడి చూస్తారు. ఆ పాలలోనే బియ్యం పోసి పరమాన్నం వండుతారు. అందులో తొందరపడితే చెడే చోటు ఒకటుంది, బెల్లం దగ్గర. బియ్యం పూర్తిగా మెత్తబడకముందే బెల్లం వేస్తే మెతుకు అక్కడికక్కడే బిగుసుకుంటుంది. బెల్లంలోని పులుపుకు మరిగే పాలు విరిగినా విరుగుతాయి. అందుకే తెలిసినవాళ్లు గిన్నె దించి, పొగలు తగ్గాక, కరిగించి వడగట్టిన బెల్లం కలుపుతారు. వ్రతం నాటి హడావిడిలో అంత ఓపిక ఎవరికుంటుంది? గృహప్రవేశాల్లో పరమాన్నం తరచూ పలుకుగా ఉండడానికి కారణం అదే.

పాలు పొంగినంత మాత్రాన వంటిల్లు మచ్చికవదు. పిట్లం లాంటి మండల కేంద్రంలో ఇది ఎప్పుడూ నడిచే కథే. కామారెడ్డి జిల్లాలో, సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు అది. బదిలీ మీద వచ్చిన టీచర్లు, బ్యాంకువాళ్లు, పిల్లల చదువు కోసం పల్లెల నుంచి వచ్చి గదులు తీసుకునేవాళ్లు, కొత్తగా వేరుపడ్డ జంటలు. సామాను సర్దుకోకముందే పక్కింటి గడప దగ్గర వినిపించే ప్రశ్న ఒకటుంది: "పెద్దమ్మా, ఎంతసేపు పెట్టినా పప్పు ఉడుకుతలేదేంది?" జవాబూ అడిగినంత తేలిగ్గానే వస్తుంది: "బోరు నీళ్లు పోసినవా బిడ్డా? ఆ నీళ్లకు ఉడకది."

పెద్దమ్మ చెప్పింది అచ్చంగా రసాయనశాస్త్రం. గింజలో కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. వేడికి అది కరిగితేనే పప్పుబద్ద విచ్చుకుంటుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే అవి పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయి. పులుపు కూడా ఆ జిగురును కరగనివ్వదు. చింతపండు రసం ముందే పోసినవాళ్లకు ఎంత మంట పెట్టినా బద్ద బద్దగానే మిగులుతుంది. ఉక్కగా ఉండే గదిలో ఏడాది నిల్వ ఉన్న పప్పు అయితే ఇంకా మొండికేస్తుంది. మందు సులువే: నల్లా నీళ్లు గానీ పట్టి పెట్టిన వాన నీళ్లు గానీ వాడడం, రెండు గంటలు నానబెట్టడం, పులుపును ఆఖరుకు ఉంచడం. చిటికెడు వంటసోడా వేసే దగ్గరి దారి ఉంది. దానివల్ల బి1 విటమిన్ కొంత పోతుంది, చెయ్యి జారితే సబ్బు రుచీ వస్తుంది. సోడా కన్నా ఇంకో గంట నానబెట్టడమే నయమని నా ఉద్దేశం.

కుక్కర్‌లో ఈ గొడవంతా సగానికి సగం కనబడదు. ఒత్తిడి పెరిగి లోపల వేడి సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి మొండి పప్పు కూడా లొంగుతుంది. వంట అయిపోతుంది, కొత్త చోటు మాత్రం తెలియకుండానే ఉండిపోతుంది. సన్నని మంట మీద గంటలసేపు ఉడికే గిన్నె అలా వదలదు. ఇక్కడి నీళ్లు ఎలాంటివో, ఏ కిటికీ నుంచి గాలి మంటను లాగుతోందో, ఈ స్టవ్ మీద సిమ్ అంటే నిజంగా సిమ్మేనో అన్నీ చెబుతుంది. కొత్త కాపురానికి నిదానపు వంటతో ఉన్న పని ముందు ఇదీ, రుచి ఆ తర్వాత.

మట్టి కుండ కొనుక్కోవాలని సరదా పడేవాళ్లు దాన్ని తెచ్చిన రోజే పొయ్యి ఎక్కించకూడదు. రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచాలి. ఆరాక గంజి పోసి, చిన్న మంట మీద చాలాసేపు కాగనివ్వాలి. గంజిలోని పిండి పదార్థం మట్టిలోని సన్నని రంధ్రాల్లోకి దిగి బిగుస్తుంది. ఇలా రెండు మూడుసార్లు చేశాక లోపల నూనె రాసి మళ్లీ వేడిచేస్తే కుండ వంటకు సిద్ధం. మంట మెల్లగా పెంచాలి. వేడి కుండలో చల్లనీళ్లు పోయకూడదు, చల్లని బండ మీద దించకూడదు. చుట్టకుదురు ఉన్నది అందుకే. సబ్బు పెట్టి తోమితే ఆ వాసన తర్వాతి కూరలో తేలుతుంది. మెరిసే పూత ఉన్న కుండలు అలంకారానికి బాగుంటాయి, ఆ పూతలో ఏముందో తెలియనప్పుడు వంటకు వాడకపోవడమే మేలు. మట్టి వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులుతుంది. దించాక కూడా పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఆ సంగతి గుర్తుంచుకుని కొంచెం ముందే దించాలి.

ఈ ప్రాంతపు అసలైన నిదానపు వంట ఏదంటే నేను గట్కనే చెబుతాను. పిట్లం, బిచ్కుంద, జుక్కల్, మద్నూర్ వైపు, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల దాకా, జొన్న తిన్న నేల ఇది. జొన్నలకు కాస్త తడి చల్లి దంచి పొట్టు తీస్తారు. ఇసుర్రాయిలో రవ్వగా విసిరి, జల్లెడ పట్టి, మెత్తని పిండిని పక్కన పెడతారు. ఒక పాలు రవ్వకు నాలుగైదు పాళ్ల నీళ్లు ఎసరు పెట్టి, మరిగేటప్పుడు ఉప్పు వేసి, రవ్వను ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పాలి. ఉండ కడితే ఇక విడదు. రవ్వ ఉబ్బి మెత్తబడ్డాక, పక్కన పెట్టిన పిండిని చల్లని నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. అప్పుడు కట్టెలు వెనక్కి లాగి, మూత పెట్టి, నిప్పుల వేడికే అరగంట మగ్గనివ్వాలి. గట్కకు రుచి వచ్చేది ఆ అరగంటలోనే. చల్లతోనో పచ్చిపులుసుతోనో తింటారు.

జొన్నకు ఒక చిక్కుంది. దాని ప్రొటీన్ నీళ్లలో ఉడికినప్పుడు బిగుసుకుని, అరగడం కష్టమవుతుంది. పిండిని రాత్రి పులియబెట్టి తెల్లారి కాచే అంబలిలో ఆ ఇబ్బంది తగ్గుతుంది. పొద్దున అంబలి, తర్వాత గట్క అన్న పాత వరస వట్టి అలవాటు కాదనిపిస్తుంది.

ఆ వరస ఎందుకు చెదిరిందో కూడా ఈ జిల్లా చరిత్రలోనే ఉంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది, ఇంజినీరు అలీ నవాజ్ జంగ్. కాలువలు బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పారాక కోస్తా జిల్లాల రైతులు కుటుంబాలతో వచ్చి పొలాలు కొని, ఊళ్ల పక్కన క్యాంపులు కట్టుకున్నారు. ఇక్కడ కొత్త ఇల్లు పెట్టుకోవడమంటే వాళ్లకు కొత్త నీళ్లు, కొత్త మట్టి, కొత్త పొరుగు. వాళ్ల వరి ఈ కాలువల కింద స్థిరపడింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక మెట్ట ఊళ్లలోనూ అన్నమే మూడు పూటలా అయింది. గంట పట్టే గట్క ముందు ఇరవై నిమిషాల అన్నం గెలవడంలో ఆశ్చర్యమేముంది?

మాంసం సంగతికి వస్తే, వ్రతం రోజు నీచు ఉండదు, దావత్ తర్వాత పెడతారు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ నాటుకోడికి పేరు మోసిన ఊరు. తిరిగి మేసిన కోడి కండ గట్టిగా ఉంటుంది. అందులోని కొలాజెన్ సన్నని సెగ మీద చాలాసేపు ఉంటే కరిగి జిగురు రసమవుతుంది. పెద్ద మంట పెడితే అది కరిగేలోపే కండ పిడచకట్టుకుపోతుంది. మేక కాళ్ల పాయకూ ఇదే సూత్రం, ఇంకా ఎక్కువ గంటలు. కాళ్లను కాల్చి, గీకి, కడిగి, అల్లం, మిరియాలతో రాత్రి పొయ్యి మీద పెడితే పొద్దున రొట్టెకు తయారు.

మంటకూ లెక్క ఉంది. పత్తికట్టె, కందికట్టె భగ్గున మండి ఆరిపోతాయి, రొట్టెకు బాగు. తుమ్మ మొద్దు నిలకడైన నిప్పులిస్తుంది. పిడక మండదు, రాజుకుంటూ ఉంటుంది. ఈ మాటలు చెబుతూ కట్టెల పొయ్యిని నెత్తిన పెట్టుకోమనను. ఆ పొగలో ఆడవాళ్ల ఊపిరితిత్తులు ఏమయ్యాయో తెలిసినవాళ్లెవరూ అలా అనరు. 1999లో దీపం పథకం గ్యాస్ కనెక్షన్లు తెచ్చినప్పుడు ఎక్కువ సంబరపడింది వాళ్లే. అడుగు మందమైన గిన్నె, చిన్న బర్నర్, బరువైన మూత ఉంటే గ్యాస్ మీదా గట్క మగ్గుతుంది.

పిడకల నెమ్మదితనం అందరికన్నా బాగా తెలిసింది పాలకు. దాలి గుంటలో పిడకలు రాజేసి, పాల కుండ దించి, మూత పెట్టి పగలంతా వదిలేస్తారు. పాలు పొంగవు, మరిగే దాకా పోవు, కాగి కాగి ఎర్రబారి మీగడ కడతాయి. ఆ పెరుగుకు కొంచెం పొగ వాసన ఉంటుంది. కిరాయి ఇంట్లో గుంట తవ్వుకోనివ్వరు కానీ, దాలి ఉన్న ఇంటి నుంచి తోడు తెచ్చుకోవచ్చు. దీపాలు పెట్టాక అడిగితే చాలా ఇళ్లలో ఇవ్వరు, పొద్దుగాలే గిన్నె పట్టుకుని పోవాలి. పాలు గోరువెచ్చగా, సుమారు 40 డిగ్రీలుండగా తోడు కలపాలి. వేలు పెడితే చురుక్కుమంటే ఇంకా ఆగాలి. ఆ ఇంట్లో ఏ మూల ఎంత వెచ్చనో తెలిసేదాకా పెరుగు ఒకరోజు పలచగా, ఒకరోజు పుల్లగా వస్తుంది. చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో పెడితే తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది.