మగ్గు అందుకునే ముందు

చలికాలం వస్తే హైదరాబాద్ నర్సరీల్లో హైడ్రాంజియా కుండీలు కనిపిస్తాయి. నీలం, గులాబీ రంగుల్లో దోసిలి నిండేంత పూగుత్తులు. చూసిన కళ్లు కొనకుండా ఊరుకోవు. చిక్కడపల్లి, నారాయణగూడ అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోకి వచ్చిన కొద్ది రోజులకే ఆకులు వేలాడిపోతాయి. ఇంట్లోవాళ్లు కంగారుగా మగ్గు అందుకుంటారు. అశోక్‌నగర్ గల్లీల్లో ఇంటింటికీ తిరిగి కుండీల పని చూసే మాలీ ఒకాయన మాత్రం ఆ మగ్గు పక్కన పెట్టిస్తాడు. ఆయన పనితనం అక్కడే మొదలవుతుంది.

ఈ మొక్క వాడిపోవడానికి కారణం ఉంది. 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీలో ఇది దర్జాగా పెరుగుతుంది. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లే. వెడల్పాటి పల్చటి ఆకుల నుంచి నీరు ఎండకు త్వరగా ఆవిరైపోతుంది. కొత్త కుండీలోకి మారిన వేర్లు చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకా పాకలేదు కాబట్టి, పోయినంత నీటిని అందించలేవు. ఇంతవరకు అందరికీ అర్థమయ్యేదే. చిక్కు ఇంకో చోట ఉంది. నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లినా నీరు పైకెక్కదు, ఆకు అచ్చం అలాగే వాలిపోతుంది. రెండూ చూపుకి ఒకటే, మందు మాత్రం పూర్తిగా తలకిందులు.

అందుకే ఆయన ముందు కుండీని రెండు చేతులా ఎత్తి బరువు చూస్తాడు. తర్వాత వేలు మట్టిలోకి దించుతాడు. అంచు దగ్గర కాదు, కాండం పక్కన. కడియం నర్సరీల నుంచి మట్టిగడ్డతో వచ్చే మందారకు అలవాటుపడిన చేతికి ఈ తేడా అంత సులువుగా తట్టదు. హైడ్రాంజియా చాలాసార్లు కొబ్బరి పొట్టులో పెరిగి వస్తుంది. అంచున మనం వేసిన ఎర్రమట్టి తడిగా ఉంటుంది, నడుమ పొట్టు ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు ఒక ప్రశ్న: "పొద్దుగాల లేసేసరికి ఎట్లుంటుందమ్మా?" మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే అది ఎండదెబ్బే, నీళ్లు అక్కర్లేదు. తెల్లారేసరికీ వాలే ఉంటే తప్పు వేరు దగ్గరుంది.

ఎండిన పొట్టు పైనుంచి పోసిన నీటిని పట్టదు. నీళ్లు పక్కల నుంచి జారి పళ్లెంలోకి దిగిపోతాయి, తడిపేశామని మనం అనుకుంటాం. ఆయన కుండీని బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచుతాడు. తీశాక ఒక పక్కకు ఒరగబెట్టి నీరంతా ఓడనిస్తాడు, పళ్లెంలో చుక్క మిగలనివ్వడు. తడి ఎక్కువైన మొక్కనైతే కుండీలోంచి మెల్లగా జార్చి వేర్లు చూస్తాడు. తెల్లగా గట్టిగా ఉన్నవాటిని ముట్టుకోడు. నల్లబడి మెత్తబడ్డవాటిని కత్తిరించి, గుల్లగా ఉండే మట్టిలో పెట్టి నీడకు చేరుస్తాడు. ఎరువు ఊసే ఎత్తడు. నీరే అందుకోలేని వేరుకు ఎరువు ఇంకో భారం.

వాడిన మొక్క మీద పూగుత్తి భారం తగ్గించడానికి కత్తెర తీసినప్పుడు మాత్రం ఇంట్లో గొడవే. పువ్వు చూసి కొన్న మొక్కకు పువ్వే కోసేస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? "పువ్వు గ్లాసుల బతుకుతదమ్మా, చెట్టు కుండీలనే బతకాలె" అంటాడు. మాట నిజం. కోసిన గుత్తిని కాసేపు నీళ్లలో ముంచితే రేకులే నీరు పీల్చుకుని చాలావరకు తేరుకుంటాయి. ఆయన కోత గుత్తికి సరిగ్గా కింద, మొదటి నిండు ఆకుల జతకు పైన పడుతుంది. ఈ జాతిలో ఎక్కువ రకాలకు వచ్చే ఏటి మొగ్గ పాత కొమ్మ మీదే కడుతుంది. ఇంకో జానెడు కిందికి కోస్తే ఆ మొగ్గ చోటూ పోతుంది.

ఇక మిగిలింది చోటు. పడమటి గోడ పక్కనో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి తగిలే మూలనో కుండీ ఉంటే ఎంత చేసినా దండగే. పొద్దుటి ఎండ మాత్రమే తగిలే వైపుకు జరిపి, మట్టి మీద ఎండుటాకులు పరుస్తాడు. నీలం పువ్వు మరోసారి పూస్తే గులాబీగా మారవచ్చని కూడా అప్పుడే చెప్పేస్తాడు. బోరు నీళ్లలోని క్షారం వల్ల మట్టిలోని అల్యూమినియం వేరుకు అందకపోతే నీలం నిలవదు.

అసలు మరోసారి పూస్తుందని మాట ఇవ్వడు. మొగ్గ కట్టడానికి వారాల తరబడి చల్లటి రాత్రులు కావాలి, ఇక్కడి చలికాలం చిన్నది. "ఆకు లేపుడు నా పని. పువ్వు సంగతి చలి జూసుకుంటది." పని తెలిసినవాడే తన పని హద్దు ఇంత సూటిగా చెప్పగలడు. కొత్త మొక్క కొనకముందే తమ బాల్కనీకి ఏది నిలుస్తుందో ఆయన్ని అడిగేవాళ్లు ఈ గల్లీల్లో ఉన్నారంటే కారణం అదే.