కడప బంగళా జీతాలు

సూరత్ లింబాయత్‌లో ఈ వారం ఒక ట్యూషన్ చూసి కాలమిస్టు మురిసిపోయాడు. సాంచాల (మరమగ్గాల) మీద పగటి షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడొకాయన ఇరుకు గదిలో చాప పరిచి, చుట్టుపక్కల పిల్లల చేత గుణింతాలు దిద్దిస్తున్నాడు. నగర పాలక సంస్థకు తెలుగు మీడియం బడులున్నా, ఈ పిల్లలు చదివేది గుజరాతీలో. ఆయన పైసా తీసుకోడు. ‘మా సారు దేవుడు’ అంది గుమ్మంలో నిలబడ్డ ఓ తల్లి.

పంతుళ్ల ఊసెత్తితే ఈ కాలమ్ కడపకు వెళ్లకుండా ఆగదని పాత పాఠకులకు తెలుసు. 1817లో మద్రాసులో దిగేనాటికి ఇంగ్లీషు దొర చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు తండ్రి నేర్పిన హీబ్రూ, పార్సీ వచ్చు. తెలుగు రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 1820లో కడప చేరాడు. అక్కడ కొన్న బంగళాలోనే పండితులను కూర్చోబెట్టాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించేవాడు. పాఠాలు పోల్చి తప్పులు దిద్దడం పండితుల వంతు, సాపు రాయడం రాయసగాళ్ల వంతు. దొర ఉద్యోగరీత్యా వేరే ఊళ్లకు మారినా పని నడిచింది. 1829లో వేమన పద్యాలు, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర, 1852లో నిఘంటువు అచ్చయ్యాయి.  లండన్ తిరిగి వెళ్లాక బ్రౌన్ అక్కడి యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884లో కన్నుమూశాడు.

చదువు అమ్ముకోకూడదన్నది ఈ కాలమ్ ఏళ్లుగా పట్టుకున్న మాట. లింబాయత్ సారును కూడా ఆ మాటకే సాక్ష్యంగా నిలపవచ్చు. అయితే కడప బంగళాలో ఊరికే పనిచేసిందెవరు? అప్పయ్యకు జీతం, రాయసగాళ్లకు జీతం. ఆ జీతాల కోసం బ్రౌన్ సొంత డబ్బు పోశాడు, అప్పుల పాలయ్యాడు. 1821లో కడపలో, ఆ తర్వాత మచిలీపట్నంలో ఆయన పెట్టిన బడుల్లో పిల్లలకు ఫీజు లేదు, పంతులుకు మాత్రం జీతం ఉంది. మనం దొర విగ్రహానికి దండ వేస్తాం గానీ, నెల తిరిగేసరికి పండితుడి చేతిలో పడ్డ ఆ రూపాయలను తలుచుకోం. అవి లేకపోతే అప్పయ్య అన్నేళ్లు ఆ ప్రతుల ముందు కూర్చోగలిగేవాడా?

లింబాయత్ సారుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ‘ణ’ దిద్దిస్తూ మధ్యలో రెండుసార్లు గోడకు ఒరిగాడు. ఉగాదికి శాలువా కప్పుదామని వాడకట్టు పెద్దలు అనుకుంటున్నారట. శాలువా వద్దు. ఇంటికి ఇంత అని చందా వేసుకుని నెలనెలా చేతిలో పెడితే, వారంలో రెండు రోజులైనా ఆయన సాంచాలు మాని పిల్లల దగ్గర కూర్చుంటాడు.