గేటు దాకా ఒక రూలు, ఇంటి దాకా ఒక రూలు

రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఒకటి మన మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షను. రెండోది అమెరికా రక్షణ శాఖ తన మనుషుల రోడ్డు భద్రత కోసం రాసుకున్న 6055.04 నంబరు ఆదేశం. రెండూ మోటారు సైకిలెక్కే మనిషి తల గురించే మాట్లాడతాయి, రెండూ హెల్మెట్ తప్పదంటాయి. చూపుకు ఒకే మాట. కానీ విశాఖ ఉక్కునగరంలో ఉంటూ, తెల్లారకముందే 'ఎ' షిఫ్టుకు పోయే బళ్ల చప్పుడుకు నిద్ర లేచే నాకు ఈ రెండింటికీ మధ్య పెద్ద దూరమే కనిపించింది. మన వాక్యం చోటును పట్టుకుంది, వాళ్ల వాక్యం మనిషిని పట్టుకుంది.

మన సెక్షను చెప్పేది ఇది. నాలుగేళ్లు నిండిన ఎవరైనా, బండి నడుపుతున్నా వెనక కూర్చున్నా, 'బహిరంగ స్థలం'లో ఉన్నంతసేపు ప్రమాణాలకు తగిన హెల్మెట్ పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత దీన్ని మీరితే 194-డి కింద 1,000 రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. బహిరంగ స్థలమంటే ఏమిటో అదే చట్టం 2వ సెక్షనులో చెప్పింది: జనానికి వెళ్లే హక్కున్న రోడ్డు, వీధి, దారి లేదా మరో చోటు. అంటే గేట్‌పాస్ లేనిదే ఎవరూ అడుగుపెట్టలేని ఉక్కు కర్మాగారంలో, నేవీ డాక్‌యార్డులో ఈ సెక్షను మాట ఎంతవరకు చెల్లుతుందన్నది వాదించుకోవాల్సిన విషయమే. గేటు లోపల నడిచేది ఆ సంస్థ సొంత రూలు.

ఇక మన రోడ్డు మీదికొచ్చి చూడండి. గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా జాతీయ రహదారి మీద లారీల పక్కనుంచి దూసుకుపోయే కుర్రాడి హెల్మెట్ మోచేతికో, పెట్రోలు ట్యాంకు మీదో ఉంటుంది. ప్లాంటు గేటు కనపడగానే అది తల మీదికి వస్తుంది. అక్కడ సీఐఎస్‌ఎఫ్ జవాను నిలబడి ఉంటాడు, హెల్మెట్ లేకపోతే బండి లోపలికి కదలదు. సింధియా, మల్కాపురం వైపు నేవీ గేట్ల దగ్గరా అంతే, వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాల్సిందే. షిఫ్టు దిగి గేటు దాటాక మళ్లీ హెల్మెట్ మోచేతికి చేరుతుంది. చట్టం నిస్సందేహంగా వర్తించే రోడ్డు మీద తల బోసిగా ఉంది. చట్టం మాట సందిగ్ధమైన ఆవరణలో తల భద్రంగా ఉంది. లోపల దుమ్ము, మలుపులు, భారీ వాహనాలు లేవని కాదు. కానీ బండి మీద పోయేవాడి ప్రాణానికి అసలు గండం హైవే మీదే. అక్కడికి చేరేసరికి రూలు వెనకబడిపోతోంది.

ఈ మాట నగర పోలీసులను తప్పుపట్టడానికి కాదు. హైకోర్టు గట్టిగా చెప్పిన తర్వాత 2024 సెప్టెంబరు నుంచి విశాఖలో వెనక కూర్చున్నవాళ్ల హెల్మెట్ విషయంలోనూ పట్టుబడుతున్నారు. పట్టుబట్టాల్సిందే. 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవారని ప్రభుత్వ లెక్క చెప్పిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. వాళ్లలో ఎంతమంది భార్యలో, తల్లులో, పిల్లలో ఆ లెక్క చెప్పదు.

ఇప్పుడు రెండో కాగితం, అమెరికాది. సైన్యంలో ఉన్న మనిషి డ్యూటీలో ఉన్నా లేకున్నా, స్థావరం లోపలున్నా బయటున్నా, బండెక్కితే హెల్మెట్, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, చీలమండ దాటిన బూట్లు ఉండాలని ఆ ఆదేశం అంటుంది. దాని బలం తెలియాలంటే ఇల్లినాయ్ రాష్ట్రాన్ని చూడాలి. అక్కడ పెద్దవాళ్లకు హెల్మెట్ చట్టమే లేదు. కానీ అదే రాష్ట్రంలో గ్రేట్ లేక్స్ దగ్గరున్న నౌకా శిక్షణ స్థావరంలో పనిచేసే నావికుడు సెలవు రోజున షికాగో వీధుల్లో తిరిగినా హెల్మెట్ తీయడానికి వీల్లేదు. పక్క బండి మీద వెళ్తున్న సామాన్యుడికి లేని కట్టు అతనికుంది.

ఇంత పట్టు ఊరికే రాలేదు. 2008లో లెక్క చూసుకుంటే, ఏడాది కాలంలో అమెరికా మెరైన్ దళంలో మోటారు సైకిలు ప్రమాదాల్లో 25 మంది పోయారు. అదే కాలంలో ఇరాక్ పోరులో ఆ దళం పోగొట్టుకున్నది 20 మందిని. బండి ప్రమాదాల్లో ఒక్కటి తప్ప అన్నీ స్పోర్ట్స్ బైకుల మీద జరిగినవే. యుద్ధం నుంచి బతికి వచ్చిన కుర్రాడు ఇంటి దగ్గర మలుపులో పోతుంటే పై అధికారులు కేవలం హెల్మెట్‌తో సరిపెట్టుకోలేకపోయారు. అంతకుముందే ఉన్న శిక్షణ నిబంధనను బిగించి, స్పోర్ట్స్ బైకుల కోసం ప్రత్యేక కోర్సు తెచ్చారు. అదే మెరైన్లూ నావికులూ 2019 నవంబరులో 'టైగర్ ట్రయంఫ్' విన్యాసాలకు మన విశాఖ వచ్చారు. ఆ సంయుక్త విన్యాసాల్లో విపత్తు సాయం పాఠాలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఈ చిన్న పాఠం కూడా అప్పుడు చేతులు మారి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ కోర్సు గురించి కొంచెం నిలబడి చెప్పాలి. నా పోలికకు ప్రాణం అక్కడే ఉంది. 1973లో ఏర్పడిన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ తయారుచేసిన ప్రాథమిక కోర్సునే చాలా స్థావరాల్లో వాడుతున్నారు. క్లాసులో కొన్ని గంటలు, చదునైన ఖాళీ మైదానంలో చిన్న బళ్ల మీద అంతకంటే ఎక్కువ గంటలు, మొత్తం సుమారు రెండు రోజులు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చేతికి తెలిసేదాకా నెమ్మదిగా నడిపిస్తారు. అతి తక్కువ దూరంలో బండి ఆపడం, ఎదురుగా ఏదైనా వస్తే పక్కకు తప్పించడం, మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకోవడం పదేపదే చేయిస్తారు. సైనికుడికి ఖర్చు లేదు, సెలవు కోత లేదు. కోర్సు కార్డు చూపితేనే బండితో స్థావరంలోకి ప్రవేశం. మోటారు సైకిళ్లకు కార్యాలయాల దగ్గర విడిగా గళ్లు గీసిన పార్కింగు చాలా చోట్ల కనిపిస్తుంది, కానీ అక్కడ స్టాండు వేసే హక్కు కోర్సు తర్వాతే.

మన దగ్గర నేర్పు అడిగేది ఆర్‌టీఓ మైదానంలో. ఎల్ఎల్ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత '8' వేసి చూపించాలి, కాలు కింద పెట్టకూడదు. నెమ్మదిగా పోతూ బండిని నిలబెట్టుకోగలడా లేదా అన్నంతవరకే '8' చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు లారీ ఆగిపోయిందని కంటికి తెలిసి, చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ 17 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత ఏం చేయాలో '8' నేర్పదు. రవాణా వాహనాల వాళ్లకు డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ అడుగుతాం. రెండు చక్రాల వాడు మాత్రం అన్నయ్య బండి మీదో, స్నేహితుడి బండి మీదో నేర్చుకుని వస్తాడు.

అలాగని అమెరికా కాగితానికి హారతి పట్టలేను. అందులోనూ గీత ఉంది. సైనికుడు రాత్రీ పగలూ సర్కారు మనిషి కాబట్టి రూలు అతని వెంట ఇంటికి పోతుంది. స్థావరంలో పనిచేసే కాంట్రాక్టు మనిషికి, వచ్చిపోయే బయటివాళ్లకు మాత్రం ఆ కట్టు గేటు లోపలే. మనిషిని పట్టుకున్న రూలు కూడా ఏ మనిషినో ఎంచుకునే పట్టుకుంది. పైగా మన ఉక్కు కార్మికుడు సాయంత్రం పెదగంట్యాడ బజారుకు కూరగాయలకు వెళ్తే యాజమాన్యం వెనకాల వచ్చి హెల్మెట్ చూడాలని ఎవరూ కోరుకోరు. యూనియన్లు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడం న్యాయం. కార్మికుడు సైనికుడు కాడు. యాజమాన్యం చేతిలోని దండన గేటు దగ్గరే ఆగాలన్నది నా మాట కూడా. గేటు దాటి రావాల్సింది నేర్పు.

దానికి ఇక్కడ నేల సిద్ధంగానే ఉంది. కాంట్రాక్టు కార్మికుడికి గేట్‌పాస్ చేతికి రావాలంటే ముందు భద్రతా తరగతిలో కూర్చోవాలి. పాత ఫ్యాక్టరీల చట్టం 111-ఎ సెక్షను భద్రతా శిక్షణను కార్మికుడి హక్కుగానే రాసింది. వేడి లోహం, గ్యాసు, క్రేన్ల కింద నడక, ఎత్తు మీద పని గురించి చెబుతారు. 2012 జూన్ 13న ప్లాంటులో ఉక్కు కరిగించే ఎస్ఎంఎస్-2 ఆక్సిజన్ విభాగంలో పేలుడు ఎందరు సహోద్యోగులను పొట్టన పెట్టుకుందో చూసిన ఊరికి ఆ తరగతి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. అమెరికా జాబితాలోని చీలమండ దాటిన బూట్లు, పొడుగు ప్యాంటు మనవాడి ఒంటి మీద ముందే ఉన్నాయి. ఆ తరగతిలో లేనిది ఒక్కటే. ఇంటి నుంచి గేటు దాకా వచ్చే ఆ పది, పదిహేను కిలోమీటర్లు.

పరిహారం చట్టం ఆ దూరాన్ని ఎప్పుడో గుర్తించింది. 2010 సవరణతో ఈఎస్‌ఐ చట్టంలో చేరిన 51-ఇ సెక్షను, ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగిన ప్రమాదానికి పనితో సంబంధం తేలితే దాన్ని పనిలో జరిగినట్టే లెక్కగట్టాలని చెప్పింది. చనిపోయాక డబ్బులిచ్చే సెక్షను గేటు దాటి ఇంటి దాకా వచ్చింది. బతికుండగా నేర్పించే తరగతి మాత్రం గేటు లోపలే ఉండిపోయింది. రెండు కాగితాలనూ చదివాక నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదే.

పార్కింగు విషయంలోనూ ఒక లోటుంది. చిన్నదే, కానీ ప్రాణం మీదికి తెచ్చేది. ప్లాంటు కార్మికుడికి నిజానికి రెండు హెల్మెట్లు కావాలి. పనిలో పెట్టుకునే పసుపు హెల్మెట్ ఐఎస్ 2925 ప్రమాణానిది, పైనుంచి పడే వస్తువు దెబ్బ కాస్తుంది. బండి హెల్మెట్ ఐఎస్ 4151 ప్రమాణానిది. లోపల మందపాటి నురగ పొర ఉండి, తల పక్కకో వెనక్కో రోడ్డుకు తగిలినప్పుడు ఆ దెబ్బను తాను మింగుతుంది, గడ్డం కింద బెల్టు దాన్ని ఊడనివ్వదు. మొదటిది రెండోదాని పని చేయలేదు. కానీ బండి హెల్మెట్ దాచుకోవడానికి చోటేదీ? అద్దానికి తగిలిస్తే వానకు నానుతుంది, ఎండకు పాడవుతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. అందుకే రెండూ మోయలేక పసుపు హెల్మెట్‌తోనే హైవే ఎక్కేవాళ్లు ఉన్నారు. స్టాండు వేసే షెడ్డులో తాళం పడే చిన్న గూళ్లు కట్టిస్తే సగం సాకులు పోతాయి. పార్కింగు అంటే బండికి చోటు మాత్రమే అనుకున్నాం, తలకు కూడా చోటు కావాలి.

మా మేనల్లుడు కాంట్రాక్టులో పనిచేస్తాడు. పసుపు హెల్మెట్‌తోనే ఇంటికొచ్చిన రోజు అడిగాను.

"ఇదీ తల మీదదే కదా మావయ్యా."

ఆ ఆదివారం వాణ్ణి ఖాళీ మైదానానికి తీసుకెళ్లాను. బండి హెల్మెట్ పెట్టించి, గంటకు 40 వేగంలో నేను గీసిన గీత దగ్గర బ్రేకు వేయమన్నాను. అలవాటు ప్రకారం కాలి బ్రేకే తొక్కాడు. గీత నుంచి అంగలు లెక్కపెట్టాం, 23. ముందు బ్రేకు ఎందుకు పట్టలేదంటే, పల్టీ కొడతామని చిన్నప్పుడు ఎవరో చెప్పారట. ఎనిమిదేళ్లుగా బండి నడుపుతున్నాడు, ఆ భయం ఎవరూ తీయలేదు. బండి ఆపడంలో ఎక్కువ బలం ముందు చక్రానిదేనని చెప్పి, మొదట 20 వేగంలో, తర్వాత 30లో, లాగకుండా పిండినట్టు రెండు బ్రేకులూ కలిపి పట్టడం చేయించాను. పొద్దెక్కేసరికి 40 వేగంలో బండి 14 అంగల్లో ఆగింది.

వాడు ఆ మధ్యనున్న తొమ్మిది అంగల నేలను కాసేపు చూశాడు. తర్వాత బెల్టు విప్పకుండానే అడిగాడు.

"వచ్చే ఆదివారం మా గ్యాంగులో నలుగుర్ని తీసుకొస్తాను మావయ్యా. గ్రౌండు ఖాళీగానే ఉంటుందా?"