ఉత్తరేణి క్షారం, ఒక దారం

పిరుదుల మధ్య, తోక ఎముక దగ్గర సెగగడ్డలా లేచి, పగిలి, మానినట్టే మాని మళ్లీ రసి కారే పుండు పిలోనిడల్ సైనస్. రాలిన వెంట్రుకలు ఆ చీలికలో చర్మానికి గుచ్చుకుని, లోపలికి దిగి సొరంగం చేసుకుంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల కుదుపులకు వేలాది అమెరికా సైనికులు దీనితో ఆసుపత్రి పాలయ్యారు; అప్పుడే ‘జీపు జబ్బు’ అన్న పేరు పడింది. ఎక్కువగా కుర్రాళ్లకే వస్తుంది. సిగ్గుతో దాచుకుని ముదరబెట్టుకునేదీ వాళ్లే.

ఇలాంటి సొరంగపు పుండ్లను సుశ్రుతుడు నాడీవ్రణాలన్నాడు. చిక్కిపోయినవారికి, కత్తంటే భయపడేవారికి క్షారం పట్టించిన దారంతో, అంటే క్షారసూత్రంతో కోయమన్నాడు. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పి.ఎస్. శంకరన్, పి.జె. దేశ్‌పాండే బృందం ఆ దారానికి కొత్త ప్రాణం పోసింది.

తయారీకి ఓపిక కావాలి. ఉత్తరేణి మొక్కను ఎండబెట్టి కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి వడగట్టి, ఆ నీళ్లను ఇగరబెడితే అడుగున తెల్లటి క్షారం మిగులుతుంది. బిగించి కట్టిన లినెన్ దారానికి ఆకుజెముడు పాలు 11 సార్లు, పాలూ క్షారమూ కలిపి 7 సార్లు, పాలూ పసుపూ కలిపి 3 సార్లు పట్టిస్తారు. ప్రతి పూతా పూర్తిగా ఆరాకే తర్వాతిది.

మత్తిచ్చి, సన్నని లోహపు ప్రోబ్‌తో దారిని వెతికి, దారాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు లాగి ముడేస్తారు. చీముగడ్డ కట్టి ఉంటే ముందు దాన్ని కోసి చీము తీయాల్సిందే. వారానికోసారి పాత దారం కొసకు కొత్తది కట్టి లాగితే చాలు, మళ్లీ గుచ్చే పని లేదు. దారం లోపలి నుంచి కోసుకుంటూ వస్తుంటే దాని వెనకే పుండు పూడుతుంటుంది. మార్చిన రోజు మంట తప్పదు. నొప్పి లేని చికిత్స అని ప్రకటనలిచ్చేవాళ్లను నమ్మక్కర్లేదు.

1991లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనంలో క్షారసూత్రంతో మానడానికి ఎక్కువ వారాలు పట్టినా, జబ్బు తిరగబెట్టడం శస్త్రచికిత్స కంటే తక్కువని తేలింది. అయితే అది భగందరం (మలద్వారం పక్కన వచ్చే ఫిస్టులా) మీద జరిగింది. పిలోనిడల్ సైనస్‌కు అంత గట్టి రుజువు లేదు. ఒకటే సొరంగం, అదీ పొట్టిదైతే దారం మంచి దారేనని నా అభిప్రాయం. మంచం పట్టకుండా పనికి పోవచ్చు.

కొమ్మలు కొమ్మలుగా పాకినదానికీ, రెండు మూడుసార్లు తిరగబెట్టినదానికీ ఫ్లాప్ ఆపరేషనే నయం. లింబర్గ్ పద్ధతిలో పుండు భాగాన్ని సమచతుర్భుజంగా కోసి తీసేసి, పక్క చర్మాన్ని కొవ్వుతో సహా తిప్పి కప్పుతారు. గ్రీకు సైనిక వైద్యుడు కరిడాకిస్ పద్ధతిలో కుట్టు నడిమి గీత మీద కాకుండా పక్కకు పడుతుంది. రెండింటి కిటుకూ ఒకటే: లోతైన చీలికను చదును చేయడం. ఆ పని దారం చేయలేదు. అందుకే దారం వేయించుకున్నవాళ్లు అక్కడి వెంట్రుకలను ఎప్పటికప్పుడు తీయించుకుంటుండాలి. నలభై దాటాక ఈ జబ్బు అరుదు, అప్పటిదాకా ఆ జాగ్రత్త తప్పదు.