కిటుకంతా తోక దగ్గరే

హైవే మీద స్కూటరు నడిపేవాళ్లకి ఈ అనుభవం కొత్త కాదు. పెద్ద లారీ పక్కనుంచి దాటుతుంటే ముందు మనల్ని రోడ్డు అంచుకి నెట్టేస్తుంది, మరుక్షణం తన వైపు లాగేస్తుంది. 1970ల్లో కాలిఫోర్నియాలో ఎడ్విన్ సాల్ట్జ్‌మన్ అనే నాసా ఇంజనీరు సైకిల్ తొక్కుతూ సరిగ్గా ఇదే గమనించాడు. మనమైతే హ్యాండిల్ గట్టిగా పట్టుకుని సాగిపోతాం. ఆయన మాత్రం, ఈ నెట్టడానికీ లాగడానికీ ఖర్చవుతున్నది లారీ డీజిలే కదా అని పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయనా తోటివాళ్లూ చేసిన పని నాకు ప్రాణం. విమానాలు పరీక్షించే ఎడ్వర్డ్స్ స్థావరంలో ఒక పాత ఫోర్డ్ వ్యాను తీసుకున్నారు. చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి, మూలలన్నీ లంబకోణంలో, పదునుగా ఉండేలా పెట్టెలా మార్చారు. అక్కణ్నుంచి ఆ మూలల్ని గుండ్రం చేసుకుంటూ, చేసినప్పుడల్లా కొలుచుకుంటూ వెళ్లారు. నిలువు మూలలు గుండ్రమయ్యేసరికే గాలి నిరోధం 40 శాతం తగ్గింది. అడ్డం మూలలు కూడా చేశాక 54 శాతం. ఇంజను జోలికే పోలేదు. కొలవడానికి పెద్ద గాలి సొరంగాలేమీ (విండ్ టన్నెళ్లు) అక్కర్లేకపోయింది. వేగం అందుకున్నాక బండిని న్యూట్రల్‌లో వదిలేసి, ఎంతసేపట్లో ఎంత నెమ్మదించిందో చూడటమే.

ఇంట్లో కారుకి రేకులు, ప్లాస్టిక్ షీట్లు బిగించి మైలేజీ పెంచుకునేవాళ్లంతా ఈ దారిలో నడిచేవాళ్లే. వాళ్లలో నాకు బాగా నచ్చిన బండి అమెరికాలో ఒకాయన మార్చుకున్న 1992 నాటి హోండా సివిక్. వెనక పొడవాటి తోక కట్టాడు, చక్రాలు మూశాడు, అడుగుభాగం చదును చేశాడు. గంటకి 105 కిలోమీటర్ల వేగంలో లీటరుకు 40 కిలోమీటర్లు వస్తోందని ఆయన లెక్క. బండి ఆకారం గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే నిరోధ గుణకం (ఎంత తక్కువైతే అంత మేలు) 0.17 అన్నాడు. 2022లో మెర్సిడెస్ తన ప్రయోగాత్మక కారు ఈక్యూఎక్స్ఎక్స్‌కి గర్వంగా ప్రకటించుకున్న అంకె కూడా అదే. పెరట్లో చేసిన బండి చూడ్డానికి వింతగా ఉంటుంది, నిజమే. అయినా అందులో ఉన్న పట్టుదలకి నేను చేతులెత్తి దండం పెడతాను.

చాలామంది ముందుభాగం సూదిగా ఉంటే చాలనుకుంటారు. గాలికి కావలసింది అది కాదు. ముందు అంచులు కాస్త గుండ్రంగా ఉంటే గాలి సర్దుకుపోతుంది. అసలు గొడవ వెనకాలే. కారు దాటిపోయాక గాలి మళ్లీ మెల్లగా కలుసుకోవాలి. డిక్కీ దగ్గర బాడీ ఉన్నట్టుండి ఆగిపోతే గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. అక్కడ ఒత్తిడి పడిపోయి కారుని వెనక్కి లాగుతుంది. నీటిబొట్టులా తోక సన్నబడుతూ పోతే మంచిదే, కానీ అంత పొడవు బండిని ఏ సందులో తిప్పుతాం? దీనికి 1930ల్లో జర్మనీ ప్రొఫెసర్ వునిబాల్డ్ కామ్ దారి చూపాడు. కొంతదూరం సన్నబడనిచ్చి అక్కడ నిలువుగా కోసేసినా లాభం చాలావరకు దక్కుతుంది.

గాలి ఇలా విడిపోవడం గురించి పుస్తకంలో చదవడం వేరు, కళ్లతో చూడటం వేరు. మా చిన్న హ్యాచ్‌బ్యాక్ మీద బెత్తెడు పొడవున్న ఎర్ర ఊలు దారాలు వరసలుగా టేపుతో అంటించాను. తమ్ముడు వెనక బండిలో ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో వీడియో తీశాడు. పైకప్పు మీద దారాలు దువ్వినట్టు వెనక్కి పడుకున్నాయి. కప్పు అంచు దాటి వెనక అద్దం మీదికి వచ్చేసరికి ఒక్కటీ కుదురుగా లేదు. గిలగిలా కొట్టుకుంటున్నాయి, కొన్నయితే బండి వెళ్లే దిక్కుకే తిరిగి నిలబడ్డాయి! పెట్రోలు పోయే చోటు అంత స్పష్టంగా కనిపిస్తుందని నేను ఊహించలేదు. ఆ వీడియో ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుని చూస్తుంటాను.

వేగం సంగతి కూడా చెప్పాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. 80 నుంచి 100కి వెళ్తేనే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఎంత తోక కట్టినా దండగ. అక్కడ పెట్రోలు తాగేవి బ్రేకులూ బరువూ. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాకే గాలి లెక్క మొదలవుతుంది.

మరి ఇలాంటి తోక మనం కట్టుకోవచ్చా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఈ కట్టడి వెనక భయం నాకు అర్థమవుతుంది. అడుగున కట్టిన సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటు సైలెన్సర్ వేడికి కరగొచ్చు, ఊడి వెనకవాడి మీద పడొచ్చు. ముందు గ్రిల్ మూసేస్తే మన మే నెల ఎండలో ఇంజను ఉడికిపోతుంది. రోడ్డెక్కే బండికి వద్దంటే సరే. కానీ మన ఇంజనీరింగ్ కాలేజీల ఆవరణల్లో ఒక పాత మారుతి వ్యాను, కాస్త రేకు, గుప్పెడు ఊలు దారాలు ఉంటే నాసావాళ్లు చేసినదంతా పిల్లలు చేయగలరు. ప్రాజెక్టు రిపోర్టులు కొనుక్కునే చోట ఇలాంటి పని జరగాలని నా కోరిక.

ఈలోగా చట్టం అడ్డురానిది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. సంక్రాంతికి సామాన్లేసుకుని ఊరెళ్లొచ్చాక చాలా కార్ల కప్పు మీద క్యారియర్ ఉగాది దాకా, ఇంకా మాట్లాడితే మళ్లీ సంక్రాంతి దాకా అలాగే ఉంటుంది. గుండ్రని కప్పు మీద నాలుగు అడ్డకడ్డీలు, ఒక్కోదాని వెనకా ఒక సుడి. స్పానరుంటే దాన్ని విప్పడం పావుగంట పని. విప్పాక ట్యాంకు నిండా కొట్టించి, మీటరు చూసుకుని, ఎప్పుడూ వెళ్లే దారిలోనే, ఎప్పుడూ వెళ్లే వేగంతోనే వెళ్లిరండి. అదే బంకులో మళ్లీ నింపించి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి.